ఏడో గడిలో ఏం రాయమంటారు?

బ్యాంకుల పర్యవేక్షణ శాఖ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు, లాస్ ఏంజెలెస్.

అర్జీదారు: హ్రాచ్ టెర్జియన్, వయస్సు 71, రికార్డుల సంరక్షకుడు, హావర్‌క్యాంప్ చిత్రాలు, ఛాట్స్‌వర్త్.

తేదీ: అక్టోబరు 14.

విషయం: చట్టబద్ధమైన పెద్దల చిత్రాల సంస్థకు బ్యాంకు ఖాతా నిరాకరించుట – దరఖాస్తు ఫారము ఏడో గడిలో ఏమి రాయవలెనో సెలవియ్యమని కోరుట – గురించి.

అయ్యా,

(తమరు స్త్రీలయిన పక్షంలో పై సంబోధనను మన్నించి, అమ్మా అని చదువుకొనగలరు. తమ శాఖ వారు పేరు తెలుపలేదు.)

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, నేను పందొమ్మిదేళ్ళుగా పై సంస్థలో రికార్డుల సంరక్షకుడిగా ఉన్నాను. మా సంస్థ పెద్దవాళ్ళు తలుపు వేసుకుని చూసుకునే శృంగార చిత్రాలు తీస్తుంది. వాటిలో కనిపించే ప్రతి మనిషికీ పద్దెనిమిదేళ్ళు నిండాయనడానికి రుజువు కాగితాలు దాచమని చట్టం చెబుతోంది. ఇష్టపడే వచ్చామని వాళ్ళు రాసిచ్చిన కాగితాలు కూడా మేము వాటితోనే ఉంచుతాము. ఆ కాగితాల దగ్గర ఒక మనిషి వారానికి ఇరవై గంటలకు తక్కువ కాకుండా ఉండాలి. తనిఖీ అధికారి ఎప్పుడు వచ్చినా తీసి చూపించాలి. ఆ మనిషిని నేను. ప్రతి చిత్రం చివరా నా పేరు, నేను కూర్చునే ఈ రికార్డుల గది చిరునామా పడతాయి. నటీనటులవి మారుపేర్లు, దర్శకుడిది మారుపేరు. మొత్తం చిత్రంలో అసలు పేరు నాదొక్కటే.

నేను చేరిన మొదటి ఏడాది ఇద్దరు అధికారులు వచ్చారు. నాలుగు గంటలు కూర్చుని ఫైళ్ళన్నీ తిరగేసి "లోపము లేదు" అని రాసి వెళ్ళారు. నేను పెట్టిన ఎండు ఆప్రికాట్లు కూడా తిన్నారు. ఆ తర్వాత ఇంతవరకు ఎవరూ రాలేదు. అయినా మంగళ, బుధ, గురువారాల్లో తొమ్మిది నుంచి నాలుగు వరకు నేను ఇక్కడే ఉంటాను. వారానికి ఒక గంట ఎక్కువే అవుతుంది. ఆ గంట నా ఇష్టం.

ఇక నా ఫిర్యాదులు క్రమముగా:

1. గత సెప్టెంబరులో మా పాత బ్యాంకు వారు, ఖాతాదారుల వివరాలు కొత్తగా నింపి పంపమని ఒక ఫారము పంపారు. మా యజమానురాలు శ్రీమతి లొరెట్టా హావర్‌క్యాంప్ అప్పుడు తుంటి ఎముక ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారు. కనుక ఫారము నేను నింపి, ఆమె చేత సంతకం పెట్టించాను. ఏడో గడిలో "మీ వ్యాపారము ఏమి?" అని ఉంది. ఇన్నేళ్ళుగా అక్కడ ఆమె "వీడియో సేవలు" అని రాసేవారట. ఈ దారిలో ఉన్న కంపెనీలన్నీ అదే రాస్తాయట. నాకు ఎవరూ చెప్పలేదు. నేను "పెద్దల శృంగార చిత్రాల నిర్మాణము, అమ్మకము, చట్టప్రకారము" అని రాశాను. గడి చిన్నది కావడంతో పక్కన అంచులో కూడా రాశాను.

ఇంత బుద్ధి తక్కువ పని ఎందుకు చేశావని తమరు అడగవచ్చు. నేను ఇక్కడికి రాకముందు మా దేశంలో, గ్యుమ్రీ పట్నంలో జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమాస్తాను. భూకంపంలో ఊరు పోయాక, జనం వరసలో నిలబడి, తమ బిడ్డ ఒకప్పుడు పుట్టిందని ఒక కాగితం ఇమ్మని అడిగేవారు. వాళ్ళ దగ్గర బిడ్డ లేదు, ఇల్లు లేదు, ఫొటో కూడా లేదు. నా దస్త్రంలో ఒక వరుస ఉంది. ఆ వరుసలో అక్షరం తప్పు పడితే ఏమయ్యేదో నేను చూశాను. అప్పటినుంచి గడిలో అబద్ధం రాయడానికి నా చెయ్యి రాదు. ఇది గొప్ప కాదు, జబ్బు అనుకోండి.

పదకొండు రోజులకు జాబు వచ్చింది. అక్టోబరు 31తో మా ఖాతా మూసేస్తారు. నేను ఫోను చేశాను.

"మీ ఖాతా మా రిస్కు పరిధి దాటిపోయిందండి," అంది అవతలి అమ్మాయి.

"ఏ కాగితం చూసి అన్నారమ్మా?"

"కాగితాలేం చూడలేదు సార్. కేటగిరీ చూశాం."

"ఒక్క మనిషిని పంపండి తల్లీ. ఆరువందల పన్నెండు ఫైళ్ళున్నాయి. అన్నీ తీసి చూపిస్తా. కాఫీ కూడా ఇస్తా."

"అలాంటి పద్ధతి లేదు సార్. ఇంకేమైనా సాయం కావాలా?"

"ఇంకేమైనా అంటున్నావు, మొదటిది చేశావా?"

"ఈ కాల్‌కి ఎన్ని స్టార్లు ఇస్తారు సార్?"

అయిదు ఇచ్చాను. పాపం, ఆ పిల్ల చేతిలో ఏముంది?

2. తర్వాత నాలుగు బ్యాంకులకు తిరిగాను. అందరూ ఆదరించారు. మొదటి ఆరు గడుల దాకా చాలా మర్యాద చేశారు. ఏడో గడి దగ్గరకు వచ్చేసరికి ఒకరికి ఫోను మోగింది, ఒకరికి మీటింగు గుర్తొచ్చింది. మూడో ఆవిడ నా చేతి కింద నుంచి తన కలం మెల్లగా లాక్కుంది. నాలుగో చోట మాత్రం మేనేజరు నిజాయితీగా మాట్లాడాడు. "మీరు చేసేది నేరం కాదని నాకూ తెలుసు సార్. నేరమైతే నయం, దానికో రూలుండేది," అన్నాడు.

3. ఈ బాధ బ్యాంకులతోనే పోలేదు. క్రెడిట్ కార్డుల కంపెనీ వారు మా చిత్రాల పేర్లలో వాడకూడని మాటల పట్టీ ఒకటి పంపారు. అందులో "నిద్ర" అనే మాట ఉంది. మత్తులో ఉన్నవారిని చూపిస్తారేమోనని వారి భయం. ఆ భయం మంచిదే, అలాంటి చిత్రాన్ని మేము గడప తొక్కనివ్వము. కాని మా దగ్గర "ఆదివారం నిద్ర" అని ఒక చిత్రం ఉంది. అందులో యాభై దాటిన మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని, రాజీపడి, చివరన గురకపెట్టి పడుకుంటారు. అది చూసి ఒక్కరైనా ఈ మాట తీసెయ్యమనలేదు. చూసినవారే లేరు. యంత్రం పేరు చదివింది, చిత్రం మాయమైంది. మా చిత్రాలు కొనేవారికి మేము ఏ కంపెనీ ద్వారా ఉత్తరాలు పంపుకుంటామో, అది ఒక మంగళవారం వారి చిరునామాలన్నీ తుడిచేసింది. తప్పేమిటని అడిగితే, భద్రతా కారణాల వల్ల కారణం చెప్పలేమంది.

అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, ఫోనులో దారి చూపించే మ్యాపులో ఈ గది మీద నొక్కితే "శాశ్వతముగా మూసివేయబడినది" అని వస్తోంది. నేను లోపల కూర్చునే ఆ మాట చదివాను. లేచి తలుపు తీసి ఉందో లేదో చూసొచ్చాను. ఒకవైపు చట్టం, ఎవరొచ్చినా దొరికేటట్టు ఉండమంటుంది. ఇంకోవైపు మ్యాపు, ఇక్కడ ఎవరూ లేరంటుంది. ఈ రెంటిలో దేనిని నమ్మవలెనో కూడా తమరు తెలుపగలరు.

4. ఫైలు నంబరు 214 గురించి. పేరు చెప్పను, చెప్పే అధికారం నాకు లేదు. ఆమె మా చిత్రాల్లో నటించడం మానేసి పదకొండేళ్ళయింది. ఇప్పుడు పశువుల ఆసుపత్రిలో పని చేస్తోంది. ఆగస్టులో ఆమె సొంత ఖాతా, జీతం పడే ఖాతా, మూసేశారు. చిత్రాల్లోని ఆమె పాత పేరు ఎవరో వెతికి పట్టారు. ఆమె నా దగ్గరకు వచ్చింది.

"నేను చేసింది చట్టప్రకారమేనని ఒక కాగితం ఇస్తారా అంకుల్?"

"ఇస్తానమ్మా. ముద్ర కూడా వేసిస్తా."

"మీరొక్కరే నన్ను నా పేరుతో పిలిచి ఈ సంగతి మాట్లాడతారు. ఇంటి దగ్గర పేరుతో పిలుస్తారు, ఇది మాట్లాడరు. ఈ సంగతి తెలిసినోళ్ళు నా పేరే పలకరు."

కాగితం ఇచ్చాను. కాఫీ ఇచ్చాను. ఆమె కప్పు బోర్లించి, మా ఆడవాళ్ళు చూసినట్టు మడ్డిలో జాతకం చూడమంది. నాకు రాదని చెప్పాను. వచ్చని చెప్పి ఏదో ఒక మంచి మాట అనవలసింది. మరో రెండు వారాలకు ఫోను చేసి, బ్యాంకు వాళ్ళు కాగితం అక్కర్లేదన్నారని చెప్పింది. ఆమె కంఠంలో కోపం కూడా లేదు. అది విని నాకు చాలా దుఃఖం కలిగింది.

5. సంస్థ మూసేస్తే పీడా పోతుందని తమరు అనుకోవచ్చు. పోదు. సంస్థ మూసిన తర్వాత కూడా అయిదేళ్ళు రికార్డులు భద్రపరచాలని చట్టం. అంటే ఖాతా ఉండదు, అద్దె కట్టే దారి ఉండదు, చిత్రాలు ఉండవు, లొరెట్టా గారు ఉండరు. నేనూ, ఆరువందల పన్నెండు ఫైళ్ళూ ఉంటాము. ఆ ఫైళ్ళలో అందరి పుట్టినరోజులూ నాకు కంఠతా వచ్చు. ఇవాళ ఇద్దరివి ఉన్నాయి. వాళ్ళకు శుభాకాంక్షలు పంపరాదు, గోప్యత. మనసులో అనుకుంటాను.

నా భార్య సిర్వార్డ్ పోయి ఎనిమిదేళ్ళు. గ్లెండేల్‌లో మా దేశం వాళ్ళు నర్దీ ఆడే బల్ల దగ్గర నాకూ ఒక చోటు ఉండేది. ఒకరోజు పాచికలు విసురుతూ "ఏం పని చేస్తావు హ్రాచ్?" అని అడిగారు. అడిగారు కనుక చెప్పాను. అప్పటినుంచి నేను వెళితే ఆట అయిపోతుంది, అందరికీ ఇంట్లో పని ఉంటుంది. ఈ పేరా అర్జీకి సంబంధించినది కాదు. కొట్టివేద్దామంటే అసహ్యంగా ఉంటుందని వదిలేశాను.

6. ఇప్పుడు అసలు సంగతి. ఖాతా పోవడానికి నా చేతిరాతే కారణమని లొరెట్టా గారికి ఆసుపత్రిలోనే చెప్పాను. టోపీ చేతిలో పట్టుకుని నిలబడి చెప్పాను. ఆమె దిండు కరుచుకుని నవ్వింది.

"నవ్వించకు రా నాయనా, కుట్లు తెగిపోతాయి! అంచులో కూడా రాశావా?"

"గడి చాల్లేదండి."

"హ్రాచ్ జాన్ (జాన్ అనేది మా భాషలో ముద్దుమాట, నా దగ్గరే నేర్చుకుంది), ఇలా దగ్గరికి రా. నీ మీద నాకేం కోపం లేదు. నలభై రెండేళ్ళుగా ఏ ఫారం వచ్చినా తల దించుకుని 'వీడియో సేవలు' అని రాశా, దొంగసరుకు అమ్ముకుంటున్నదానిలాగా. ఒకర్ని మోసం చేశానా? ఒక్క పిల్లకి జీతం ఎగ్గొట్టానా? ఇంక రాయను. నిజం చూసి సరేనన్న బ్యాంకు ఒక్కటి దొరికితే చాలు. దొరక్కపోతే తాళమేద్దాం. నా సంతకం పైన ఇంకో అబద్ధం వద్దు."

ఆ రోజు నుంచి ఆమె ఖాళీ ఫారాల మీద ముందే సంతకం పెట్టి నాకు పంపుతోంది. మెట్లెక్కి బ్యాంకులకు తిరగలేదు కదా. నువ్వు రాస్తే నేను చూసుకోనక్కర్లేదు అంటుంది.

అయిదో బ్యాంకు మేనేజరు గారు (పేరు రాయను, ఎక్కడా అనవద్దన్నారు) నన్ను పక్కకు తీసుకెళ్ళి ఇలా అన్నారు:

"నాకేం అభ్యంతరం లేదు సార్. అభ్యంతరమంతా కంప్యూటర్‌దే. ఏడో గడిలో ఆ మాట పడితే ఎర్రదీపం. 'వీడియో సేవలు' అని పడితే ఆకుపచ్చ. ఎందుకండీ ఈ పట్టుదల? వీడియోలేగా మీరు తీసేది?"

"మరి కింద 'పై వివరములన్నియు సత్యమని ప్రమాణము చేయుచున్నాను, తప్పయిన శిక్షార్హుడను' అని ఉందే?"

"అది ఎవరు చదువుతారు సార్!"

నేను చదువుతాను. అదే నా ఇబ్బంది.

కావున అయ్యా, నిజం రాస్తే ఖాతా లేదు, అబద్ధం రాస్తే నేరం, ఏదీ రాయకపోతే ఫారము అసంపూర్ణము. గడువు అక్టోబరు 31. తమరు దయతలచి (అ) నిజం రాసినా ఖాతా ఇచ్చే బ్యాంకు ఒకటి చూపించవలెను. లేదా (ఆ) ఏడో గడిలో ఏమి రాయవలెనో తమ ముద్రతో ఒక కాగితం ఇప్పించవలెను. రెండూ తమ పరిధిలో లేని పక్షంలో (ఇ) ఎవరినైనా పంపి మా ఫైళ్ళు ఒక్కసారి చూడమని చెప్పవలెను. వచ్చేవారు ముందుగా చెప్పనవసరం లేదు, చట్టం కూడా చెప్పమనదు. మంగళ, బుధ, గురువారాలు, తొమ్మిది నుంచి నాలుగు. వీధి వైపు తలుపు కాదు, టైల్స్ కొట్టు పక్క సందులోంచి రావాలి.

ఇదంతా తమరు చిత్తగించవలెను. చిత్తగించేవారిని వెతుక్కుంటూ ఇప్పటికి అయిదు బ్యాంకులు తిరిగి తమ వద్దకు వచ్చాను.

ఇట్లు,
తమ విధేయుడు,
హ్రాచ్ టెర్జియన్,
రికార్డుల సంరక్షకుడు.

తాజా కలం (అక్టోబరు 30, రెండవ ప్రతికి జతపరచినది):

అయ్యా, పై అర్జీ తమకు పంపిన మర్నాడే "మీ ఫిర్యాదు అందినది, తొంభై పనిదినములలో పరిశీలించబడును" అని యంత్రం జవాబు ఇచ్చింది. సంతోషం. ఈలోగా జరిగినది తెలుపుకోవడం నా విధి గనుక తెలుపుతున్నాను.

మొన్న మంగళవారం లొరెట్టా గారు చేతికర్ర పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కెమెరాలు అట్టపెట్టెల్లో సర్దించి, ఎవరికి అమ్మాలో చీటీలు అతికించారు. తర్వాత నా బల్ల దగ్గర కూలబడ్డారు. నేను కాఫీ కలిపాను. ఆమె తాగలేదు.

"నీకేం హ్రాచ్ జాన్, చట్టం ఇంకో అయిదేళ్ళు నీకు పని చూపించింది. ఎక్కడో ఒకచోట కూర్చుంటావు. నన్ను ఎక్కడ కూర్చోమంటావు?"

"మీకు ఇల్లుంది కదండీ."

"ఇల్లుంది. ఇంట్లో ఎవరున్నారు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పోన్లే. తల ఎత్తుకునే తాళమేస్తున్నాం కదా, అది చాలు," అంది. చాలదని ఆమె ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

బుధవారం ఉదయం నా విధి వేళలో, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, గదికి తాళం వేసి అయిదో బ్యాంకుకు వెళ్ళాను. ఆమె సంతకం పెట్టిన ఫారము తీశాను. ఏడో గడిలో "వీడియో సేవలు" అని రాశాను. గడి సరిపోయింది. ఇంకా చోటు మిగిలింది కూడా. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఇరవై నిమిషాల్లో ఖాతా ఇచ్చారు. మేనేజరు గారు లేచి నాతో చెయ్యి కలిపారు.

బయటికి వచ్చి ఆమెకు ఫోను చేశాను.

"ఇచ్చారా? నిజంగానే ఇచ్చారా?"

"ఇచ్చారండి."

"నిజమే రాశావా హ్రాచ్?"

"రాశానండి."

ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. "చూశావా! నలభై రెండేళ్ళకి ఒక్కళ్ళు, ఒక్కళ్ళు మనం ఏం చేస్తామో తెలిసి కూడా సరేనన్నారు," అంది. నేను రోడ్డు పక్కన బస్సు స్టాపు బల్ల మీద కూర్చుండిపోయాను. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి.

ఆమె సంతకం పైన అబద్ధం వద్దని ఆమె అన్న మాట నేనే పైన రాశాను. రాతలో కొట్టివేతలు లేవని తమరు గమనించగలరు. చేతిరాత నాది. ఈ అర్జీతో పోల్చి చూసుకోవచ్చు. శిక్ష ఉంటే అది ఆమెకు తగలకుండా నాకు వేయవలెను. తమకు వీలున్న పక్షంలో, పై మూడు కోరికలనూ ఉపసంహరించుకుంటున్నాను గనుక, ఈ అర్జీపై ఎటువంటి చర్యా తీసుకోకుండా ఫైలులో ఉంచవలసినదిగా ప్రార్థన. ఎవరికీ చెప్పకుండా ఉండడం చేతకాకనే తమకు చెబుతున్నాను. ఇంకెవరికి చెప్పినా తిరిగి ఆమె చెవిన పడుతుంది.

ఒక్కటే కొత్త ఇబ్బంది. ఇదంతా తమ దయ వల్లనే జరిగిందని లొరెట్టా గారు నమ్ముతున్నారు. నేను అర్జీ పెట్టాననీ, తమరు బ్యాంకు వారితో మాట్లాడారనీ ఆమె లెక్క. వద్దన్నా వినక, పెరట్లో నిమ్మకాయలతో కేకు చేసి, ఉత్తరం జతపరచి తమ ఆఫీసుకు పంపుతున్నారు. అధికారులు బహుమతులు పుచ్చుకోరాదని నాకు తెలుసు. కేకు తిప్పి పంపినా ఫరవాలేదు. ఉత్తరానికి మాత్రం తమ చేత్తో జవాబు రాయవలెను. యంత్రం చేత వద్దు. "మీరు రాసినది చదివాము, మీ వ్యాపారం ఏమిటో మాకు తెలుసు, మాకు అభ్యంతరం లేదు" అని రెండు వరుసలు చాలు. ఆమె దాన్ని పటం కట్టించుకుంటుంది.

హ్రాచ్.